ఉగ్గుపొడి ఆరు నెలలు నిలవ ఉంటుందట!

ఇది కాస్త పొడుగు పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే ఆ తర్వాత తిట్టండి.

మన సంఘం గ్రూపులో కొన్నాళ్లుగా ఉగ్గుపొడి ప్రకటనలు తామరతంపరగా వస్తున్నాయి. అమ్మమ్మ చేతి ఉగ్గట. అందులో 27 దినుసులట. నిల్వ మందులేవీ కలపలేదట, అయినా ఆరు నెలలు నిలవ ఉంటుందట. అంబత్తూరు నుంచి షోళింగనల్లూరు దాకా ఎక్కడికైనా ఇంటికే పంపిస్తారట. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఇప్పుడు ఉగాది సభలో ఆ పొడికి స్టాలు ఇవ్వాలనీ, పసిపిల్లల వేషాల పోటీలో గెలిచిన బిడ్డల తల్లులకు ఆ డబ్బాలే బహుమతిగా ఇవ్వాలనీ, బదులుగా వేదిక ఖర్చులో కొంత వాళ్లు భరిస్తారనీ ఒక ప్రతిపాదన కమిటీ ముందుకు వచ్చింది. మేం కొందరం సభ్యులం దీన్ని వద్దంటున్నాం. గ్రూపులో ఒక్క ముక్క అనగానే "ఆడవాళ్లు నాలుగు రూపాయలు సంపాదించుకుంటుంటే మీకు కడుపుమంట" అన్నారు. అందుకే వివరంగా రాస్తున్నాం.

మాకు ఇంటి వంట మీద కోపం లేదు. మన ఆడవాళ్లు అమ్మే ఆవకాయ, కందిపొడి, అప్పడాలు మేమూ కొంటున్నాం. కొంటాం. కానీ ఆవకాయ ఏడాదంతా ఎందుకు నిలవ ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. అందులో చేటెడు ఉప్పు ఉంది, కారం ఉంది, పైన నాలుగు వేళ్ల నూనె తేలుతుంది. ఏడాదిలోపు బిడ్డ తిండిలో ఆ ఉప్పు వెయ్యకూడదు, ఆ కారం వెయ్యకూడదు, అంత నూనె పొయ్యకూడదు. మరి ఆ పొడిని ఆరు నెలలు కాపాడేది ఏమిటి? లేబుల్ మీద అచ్చు వేసిన తేదీయా?

ఉగ్గు అన్న మాటకు మనలో ఉన్న బరువు చూసే ఈ వ్యాపారం నడుస్తోంది. ఏ విద్య అయినా బాగా వస్తే ఉగ్గుపాలతో అబ్బింది అంటాం. ముక్కు ఉన్న ఆ చిన్న గిన్నెను ఉగ్గుగిన్నె అంటాం, ఇక్కడివాళ్లు పాలాడై అంటారు. చెన్నైలో మూడు తరాలుగా ఉన్న మన ఇళ్లలో ఆ వెండి గిన్నె ఇప్పటికీ బీరువాలో ఉంటుంది. అందులో పోసింది ఏమిటి? బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, చిటికెడు వాము, జీలకర్ర చేర్చి విసిరి, ఆ పూటకి ఆ పూట ఉడికించిన జావ. పిండి అయిపోతే మళ్లీ నాలుగు గుప్పెళ్లు వేయించేవాళ్లు. ఆరు నెలలకు సరిపడా చేసి అటకెక్కించాలన్న ఆలోచన వాళ్లకి రాలేదు. ఎందుకంటే బిడ్డ ఆరు నెలలపాటు ఒకే తిండి తినదు.

అసలు సంగతి అదే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నెలలు నిండాక పై ఆహారం మొదలుపెట్టాలి, రెండేళ్లు, ఆ పైన కూడా తల్లిపాలు కొనసాగించాలి. ఏడో నెలలో గరిటజారుగా, చెంచా మీంచి ఠక్కున కారిపోకుండా ఉండాలి. తొమ్మిదో నెలకి మెదిపినది, చిన్న చిన్న ముక్కలు. ఏడాదికల్లా మనం తినే పప్పూ అన్నమే కారం తగ్గించి పెట్టాలి. మొదట రోజుకి రెండు మూడు సార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు సార్లు. ఒక డబ్బా కొని ఆరు నెలలు అదే జావ పోస్తే ఆ బిడ్డ నమలడం ఎప్పుడు నేర్చుకుంటుంది? ఏడాదిన్నర వచ్చినా మిక్సీలో రుబ్బితే తప్ప మింగని పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. మన దేశంలో ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో చాలినంత, సరైన తిండి అందుతున్నది నూటికి దాదాపు 11 మందికే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇది పేదల ఇళ్ల సంగతి మాత్రమే అనుకుంటే పొరపాటు. టి.నగర్ ఫ్లాటులోనూ పలచని జావ పలచని జావే.

ఇక ఆ 27 దినుసులు. బాదం, జీడిపప్పు, పిస్తా, వేరుశనగ, గోధుమ, సోయా అన్నీ ఒకే పొడిలో. బిడ్డకు దద్దుర్లు వచ్చాయనుకోండి, దేనివల్ల అని పట్టుకుంటారు? కొత్త దినుసు ఒక్కొక్కటిగా, రెండు మూడు రోజులు ఎడం ఇచ్చి పెట్టమని డాక్టర్లు చెప్పేది అందుకే. వేరుశనగకి భయపడి దూరం పెట్టమని మేం అనడం లేదు, మెత్తగా చేసి తొందరగా అలవాటు చేయడమే మంచిదని ఇప్పటి పరిశోధనలు చెబుతున్నాయి. విడిగా పెట్టండి, గింజగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం తయారుచేసిన హైదరాబాద్ మిక్స్‌లో ఎన్ని దినుసులో తెలుసా? వేయించిన గోధుమలు, శనగపప్పు, వేరుశనగ, బెల్లం. నాలుగే. అంత పెద్ద సంస్థకు నాలుగు చాలితే మన గ్రూపులో 27 ఎందుకు? దినుసుల సంఖ్య బిడ్డ కోసం కాదు, ధర కోసం.

తీపి సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ, ఐబీఎఫ్ఏఎన్ సంస్థలు ఒక నివేదిక విడుదల చేశాయి. మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూట పెట్టేదాంట్లో సగటున దాదాపు మూడు గ్రాముల చక్కెర కలుపుతున్నారని, జర్మనీ, బ్రిటన్లలో అదే సరుకు చక్కెర కలపకుండా అమ్ముతున్నారని అందులో ఉంది. నిబంధనలు పాటిస్తున్నామనీ, చక్కెర తగ్గిస్తూ వస్తున్నామనీ కంపెనీ జవాబు చెప్పింది. ఆ వారం మన గ్రూపు ఎంత మండిపడిందో గుర్తుందా? ఆ మండిపడినవాళ్లలో కొందరు ఇవాళ తాటికలకండ, ఖర్జూరం పొడి కలిపిన ఉగ్గు మంచిదని పోస్టు పెడుతున్నారు. తాటికలకండ అయినా బెల్లమైనా నాలుక మీద చేసే పని ఒకటే. బిడ్డకు తీపి అలవాటు చేసి గుమ్మడికాయ, సొరకాయ ఉమ్మేయించే పని. బక్కచిక్కిన పిల్లకు వైద్యం కింద బెల్లం వేయడం వేరు, ఒళ్లు చేసిన పిల్లకు రుచి మరపడం వేరు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించనే కూడదు, అందులో ఉండే బొటులిజం సూక్ష్మజీవి పసిపేగులో విషం పుట్టించగలదు.

ఇప్పుడు చట్టం. ఈ భాగం కమిటీ పెద్దలు రెండుసార్లు చదవాలి. పాలపొడులు, పాలసీసాలు, శిశు ఆహారాలను అదుపు చేసే చట్టం మన దేశంలో 1992 నుంచి ఉంది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డకి తల్లిపాలకు తోడుగా అమ్మే ఏ ఆహారమైనా, దాన్ని ఏ పేరుతో పిలిచినా, ఆ చట్టం కిందికి వస్తుంది. దానికి ప్రచారం చేయకూడదు. తల్లులకు ఉచిత నమూనాలు పంచకూడదు. అమ్మకం పెంచుకోడానికి బహుమతులు ఇవ్వకూడదు. అతిక్రమిస్తే మూడేళ్ల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టంలో పెద్ద కంపెనీ అని లేదు, అమ్మమ్మ చేతి ఉగ్గుకు మినహాయింపు అనీ లేదు. వంటింటికి ఆహార భద్రతా శాఖలో నమోదు సంఖ్య ఉంది కదా అని ఒకరన్నారు. ఆ సంఖ్య తిండి అమ్ముకోడానికి. పసిబిడ్డ తిండికి ప్రచారం చేయవచ్చని అది చెప్పదు. వేదిక మీద ఆ డబ్బా బహుమతిగా ఇచ్చి ఫొటో దిగితే ఆ ఫొటోలో ఉండేది సంఘం అధ్యక్షులు, కార్యదర్శి. పొడి అమ్మినవాళ్లు పక్కన నిలబడతారంతే.

సరే, కొనొద్దంటున్నారు, మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు అని అడిగిన తల్లులకు జవాబు చెప్పాలి. ఇంట్లో చేయడం బ్రహ్మవిద్య కాదు. అయితే చెన్నైలో చేయడానికి కొన్ని మెలకువలు ఉన్నాయి.

రాగి తీసుకోండి. పావుకిలో చాలు. రాళ్లు ఏరి, నాలుగైదుసార్లు కడిగి, రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి, తడిగుడ్డలో మూట కట్టండి. మన ఎండాకాలంలో ఒక్క రోజుకే తెల్లగా మొలక తొంగిచూస్తుంది, మార్గశిరంలో రెండు రోజులు. ఈ మొలకకు ఒక గొప్ప గుణం ఉంది. మొలకెత్తిన గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి, కాబట్టి జావ జిగురెత్తదు. బిడ్డ పొట్ట ఎంత? కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల బిడ్డకి ఒక గ్లాసు. మామూలు పిండితో ఒక చెంచా వేస్తేనే గట్టిపడుతుంది, మనం నీళ్లు పోసి పలచన చేస్తాం, పొట్ట నీళ్లతో నిండుతుంది. మొలకల పిండి అయితే అదే గ్లాసులో రెట్టింపు వేసినా జారుతుంది. మన నాయనమ్మలు ఎంజైము పేరు వినకుండానే ఈ పని చేశారు. ఈ ఒక్క విషయంలో ఆ పాత చేతులకు దండం పెట్టాల్సిందే.

ఎండబెట్టడమే అసలు పరీక్ష. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ఊళ్లో మేడ మీద ఎండని నమ్మకండి. పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన. ఫ్యాను కింద పలచగా పరిచి, తర్వాత సన్న సెగ మీద వేయించండి. గింజ కొరికితే ఠక్కున విరగాలి. మెత్తగా నలిగితే లోపల తడి ఉన్నట్టే, ఆ పిండికి బూజు పడుతుంది. వేరుశనగకు, జొన్నకు పట్టే కొన్ని బూజులు వదిలే విషం వేయించినా పూర్తిగా పోదు. పైన కనబడే బూజు చెంచాతో తీసేసి మిగతాది వాడుకోవడం పెద్దలకే తప్పు, పసిబిడ్డ విషయంలో ఊహించను కూడా కూడదు.

పిండిమర గురించి ఎవరూ మాట్లాడరు. మనకంటే ముందు వాళ్లు మిరపకాయలు ఆడించుకుని వెళ్లి ఉంటారు. మరలో మిగిలిన కారం మీ బిడ్డ ఉగ్గులో కలుస్తుంది. మొదట గుప్పెడు బియ్యం వేసి ఆడించి పారేయమనండి, లేదా ఇంటి మిక్సీలో రుబ్బి సన్న జల్లెడ పట్టండి. పావుకిలోకి పిండిమర అక్కర్లేదు కూడా.

నిలవ సంగతికి వద్దాం. పొడి గిన్నెకి తడి తగలకూడదు, అంతే సగం శాస్త్రం. గాజు సీసా, బిగుతు మూత, పొడి చెంచా, సీసా మీద చేసిన తేదీ. పప్పులు, వేరుశనగ కలిపిన పొడి ఫ్రిజ్‌లో పెట్టండి, బయట ఉంటే ఈ ఉక్కలో నూనె చెడి ముక్కవాసన కొడుతుంది. పదిహేను రోజులకు మించి చెయ్యకండి. వండినదానికి లెక్క వేరే. బయట రెండు గంటలు, వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే. చెన్నైలో 32 దాటని మధ్యాహ్నాలు ఏడాదికి ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి. ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు, అదీ తలుపు అరల్లో కాదు, లోపల, పచ్చి మాంసానికి పైన ఉండే అరలో. ఫ్రీజర్‌లో ఐసు గడుల ట్రేలో పోసి పెట్టుకుంటే ఒకటి రెండు నెలలు. కరిగించేది వంటింటి గట్టు మీద కాదు, కింద ఫ్రిజ్‌లోనే. పొగలు వచ్చేలా ఒక్కసారే వేడిచేయాలి. బిడ్డ నోట్లో పెట్టిన చెంచా ముంచిన గిన్నెలో మిగిలింది పారేయాలి. అన్నం పారేస్తే పాపం అంటారు పెద్దలు. తక్కువ వడ్డించండి, పాపం తగ్గుతుంది.

మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ముప్పు ఫ్లాస్కు. పొద్దున ఏడింటికి జావ కాచి ఫ్లాస్కులో పోసి, పిల్లతో పాటు క్రెష్‌కి పంపడం, సాయంత్రం దాకా మూడుసార్లు అదే పెట్టించడం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది, ఉడికించినా చావదు. 60 డిగ్రీల పైన వేడి ఉన్నంతసేపు నిద్రపోతుంది. ఫ్లాస్కు గోరువెచ్చబడగానే లేస్తుంది. అది వదిలే వాంతుల విషం మళ్లీ మరిగించినా పోదు. దీనికంటే పొడి డబ్బా, కాచి చల్లార్చిన నీళ్లు విడిగా పంపి, అక్కడే పూటకి పూట ఉడికించమనడం ఎంతో మేలు. ఉడికించే వసతి లేని క్రెష్ అయితే అరటిపండు పంపండి, అప్పటికప్పుడు తొక్క తీసి మెదిపి పెడతారు. జావ పాలసీసాలో పోసి, పీక చిల్లి పెద్దది చేసి తాగించేవాళ్లూ ఉన్నారు. గిన్నె, చెంచా ఉండగా ఆ సీసా ఎందుకు?

ఫ్రీజర్‌నే నమ్ముకున్నవాళ్లకు 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను గుర్తుండే ఉంటుంది. వేళచ్చేరి, పళ్లికరణై వైపు రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్లకు కూడా కటకట. ట్రేలలో గడ్డకట్టించిన కూరగాయల గుజ్జు అంతా నీళ్లపాలు. గ్యాసు, కాచిన నీళ్లు, సీసాలో పిడికెడు పొడి ఉన్న ఇంట్లో బిడ్డ పస్తుండలేదు. అందుకే కాస్త పొడి ఇంట్లో ఉండాలంటాం. కాస్తే.

ఒక్క జావతో సరిపెట్టుకోవద్దు కూడా. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ ఆరో నెలకి అడుగంటుతుంది. రాగిలో సున్నం బాగా ఉంది, ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. గుడ్డు, చేప, మాంసం తినే ఇళ్లలో అవి మెత్తగా చేసి పెట్టండి. తినని ఇళ్లలో పప్పు, ఆకుకూర మెదిపి నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి.

ఆచారాల జోలికి రాకండని కొందరు ముందే హెచ్చరించారు. అయినా ఒక్క మాట. మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకి బేసి నెల అని మన ఇళ్లలో ఆడపిల్లకి అయిదో నెలలోనే అన్నప్రాశన చేస్తారు. ముహూర్తం చేసుకోండి, పాయసం వేలితో పెదవికి తాకించండి. ఆ మర్నాటి నుంచే ఉగ్గు మొదలుపెట్టకండి. ఏడో నెల కూడా బేసి నెలే కదా! ఇక నాలుగో నెల నుంచే వస కొమ్ము అరగదీసి నాకించడం ఆపేయండి. ఆ వయసుకు తల్లిపాలే చాలు.

చివరగా అందరూ దాటవేసే ప్రశ్న. ఈ పని ఎవరు చెయ్యాలి? మేం ఇంత చెప్పింది కోడళ్ల నెత్తిన మరో మూట పెట్టడానికి కాదు. 2017 సవరణ నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. పై ఆహారం మొదలుపెట్టేది 180 రోజులకి. కాన్పుకి ముందే కొన్ని వారాలు వాడుకుంటే ఇంకా ముందే ఆఫీసుకి వెళ్లాలి. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగినికి 2021 నుంచి ఏడాది సెలవు ఉంది, ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగినికి లేదు. ఆమె ఉగ్గు మొదలుపెట్టాల్సిన వారమే కంపెనీ బస్సు ఎక్కుతుంది. ఆ హడావిడే ఆరు నెలల డబ్బాకు పెట్టుబడి. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చట్టంలో ఉంది. మన సభ్యుల్లో కంపెనీల్లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు తక్కువేం లేరు. మీ ఆఫీసులో ఆ క్రెష్ ఉందా అని ఈ వారం అడిగి వచ్చి గ్రూపులో రాయండి. రాగులు మూట కట్టడానికి, సీసా మీద తేదీ రాయడానికి చదువుకున్న మగవాడు సరిపోతాడు. తాతలైతే ఇంకా బాగా చేస్తారు, వాళ్లకి మూట విప్పి చూసుకునే ఓపిక ఉంటుంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మా తీర్మానం ఇది. రెండేళ్లలోపు పిల్లల కోసమని చెప్పి అమ్మే ఏ తిండికీ, అది కంపెనీదైనా సభ్యులదైనా, సంఘం గ్రూపులో ప్రకటనలు ఉండకూడదు. ఉగాది వేదిక మీద దానికి స్టాలు, బహుమతి, బ్యానరు ఉండకూడదు. ఆ సభ్యులకు నష్టం రాకుండా వాళ్ల పచ్చళ్లకు, పొడులకు అదే స్టాలు అద్దె లేకుండా ఇవ్వాలి, ఆ అద్దె మేం కొందరం వేసుకుంటాం. పక్కన ఒక బల్ల మాకు ఇస్తే మొలక కట్టడం, వేయించడం, జల్లెడ పట్టడం ఎవరికైనా చూపిస్తాం. ఏదీ అమ్మం, ఏ పొట్లమూ పంచం. కొత్వాల్ చావడి నుంచి రాగులు మేమే తెస్తాం. మొలక చూపించాలంటే రెండు రోజుల ముందే నానబెట్టాలి, కాబట్టి ఎంతమంది వస్తారో సమావేశం రోజునే పేరు రాసి ఇవ్వండి. తడిగుడ్డ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.